ప్లేగును ఎదిరించిన హాఫ్కిన్

ముంబైలోని నాగ్‌పాడాకు ఆనుకొని కామాఠీపురా ఉంది. తెలుగునేల నుండి కూలిపనులకు వలస వచ్చిన కామాఠీల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 1896లో ముంబైలో ప్లేగు మహమ్మారి చెలరేగింది. ఇరుకు ఇళ్లలో పేదలు రాలిపోయారు. వేలాది మంది నగరం విడిచి పారిపోయారు. ఆ కష్టకాలంలో ప్రజలను ఆదుకున్న శాస్త్రవేత్త వాల్డెమర్ హాఫ్కిన్.

హాఫ్కిన్ 1860లో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సాలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. విద్యార్థి దశలోనే జారు ప్రభుత్వాన్ని ఎదిరించి నిర్బంధానికి గురయ్యాడు. తరువాత పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరి కలరాకు టీకా తయారుచేశాడు. 1892లో ఆ టీకాను మొదట తానే వేసుకొని పరీక్షించాడు. మరుసటి ఏడు భారతదేశానికి వచ్చి వేలాది మందికి కలరా టీకాలు వేశాడు.

ప్లేగు రాగానే ప్రభుత్వం ఆయనను ముంబైకి పంపింది. నాగ్‌పాడాకు సమీపంలోని బైకుల్లాలో, గ్రాంట్ వైద్య కళాశాలలో ఆయనకు కొద్దిపాటి చోటు లభించింది. అక్కడే సుమారు మూడు నెలలు రాత్రింబగళ్లు శ్రమించి ప్లేగు టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న దానిని తన శరీరంలోకి ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చినా వెనుకాడలేదు. ఆ తరువాత బైకుల్లా జైలులో, ఇష్టపడి ముందుకు వచ్చిన ఖైదీలకు వేశాడు.

ప్రభుత్వం పట్టిన దారి వేరు. 1897లో అంటువ్యాధుల చట్టం చేసి ఇళ్లను సోదా చేయించింది. రోగులను బలవంతంగా ఆసుపత్రులకు, వారి ఇంటివారిని శిబిరాలకు తరలించింది. ప్రజలు మండిపడ్డారు. 1898 మార్చి 9న మదన్‌పురాలోని నేతపనివారి బస్తీలో, జ్వరంతో ఉన్న ఒక బాలికను పరీక్షించబోగా అల్లర్లు చెలరేగాయి. కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. హాఫ్కిన్ మాత్రం బలవంతాన్ని కాక నమ్మకాన్ని ఆశ్రయించాడు. ఆగాఖాన్ అందరి ఎదుట టీకా వేయించుకొని ప్రజల భయం పోగొట్టాడు.

1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో మరణించారు. నింద హాఫ్కిన్‌పై పడింది. ప్రభుత్వం ఆయనను బాధ్యతల నుండి తప్పించింది. సీసా తెరిచిన చోట జరిగిన అజాగ్రత్తే కారణమని తరువాత తేలింది. రొనాల్డ్ రాస్ మొదలైన శాస్త్రవేత్తలు ఆయన పక్షాన నిలిచారు. 1907లో ఆయన నిర్దోషి అయ్యాడు. అయినా ముంబై ప్రయోగశాల ఆయనకు తిరిగి దక్కలేదు.

1925లో పరేల్‌లోని ఆ ప్రయోగశాలకు హాఫ్కిన్ సంస్థ అని పేరు పెట్టారు. 1930లో ఆయన స్విట్జర్లాండులో కన్నుమూశాడు. ప్రజల విశ్వాసం పొందినప్పుడే శాస్త్రం ఫలిస్తుందని ఆయన జీవితం తెలుపుతోంది.