గాంధీమహాత్ముడును డర్బను అల్లరియును

గాంధీమహాత్ముడు 1869 సం॥ అక్టోబరు 2వ తేదీన పోరుబందరున జన్మించి, 1948 సం॥ జనవరి 30వ తేదీన ఢిల్లీలో హంతకుని తుపాకిగుండ్లకు గురియయ్యెనని మన విద్యార్థు లెల్లరు నెఱుంగుదురు. ఆ మరణమునకు ఏబదియొక్క సంవత్సరములకు ముందే ఆయన యొక మూకచేత జిక్కి ప్రాణాపాయమునుండి తప్పించుకొనెను. ఆ వృత్తాంతము నిచట సంగ్రహముగ దెలుపుచున్నాము.

దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమయందలి చెఱకుతోటల కొఱకు 1860 మొదలు మద్రాసు, కలకత్తా రేవులనుండి మనదేశపు కూలీలను ఒడంబడికమీద గొనిపోవుచుండిరి. వారిలో విశాఖపట్టణము, గంజాము మున్నగు మండలముల తెలుగువారును గలరు. గడువు తీరినవారు కొందఱచటనే నిలిచి కాయగూరలు పండించుకొనిరి; గుజరాతు వర్తకులును వచ్చి అంగళ్లు పెట్టిరి. కూలీలను కోరి తెచ్చుకొనిన దొరలే, వారు స్వతంత్రులై బ్రదుకుట సహింపరైరి. గడువు తీరినవారిపై ఏటేట మూడు పౌనుల పన్ను వేయుటకు 1895లో చట్టము చేసిరి.

ఒక వ్యాజ్యెమునకై 1893లో అచటికేగిన గాంధి, వారి దుస్థితిని జూచి, 1894లో నేటాలు ఇండియను కాంగ్రెసును స్థాపించెను. 1896లో స్వదేశమునకు వచ్చి, ఆ కష్టములను గూర్చి చిన్నపుస్తకమును ప్రకటించెను. దాని సారము తంతివార్తగా వికృతమై నేటాలు చేరి, తెల్లవారికి ఆగ్రహము గలిగించెను. ఆ డిసెంబరులో ఆయన భార్యాబిడ్డలతో మరలి రాగా, రెండోడల నిండ హిందూదేశస్థులను దెచ్చి సీమను ముంచివేయనున్నాడని వదంతి పుట్టెను. బొంబాయిలో ప్లేగు గలదను కారణము చెప్పి, సుమారు ఎనిమిదివందల ప్రయాణికులున్న ఆ యోడలను ఇరువదిమూడు దినములు వెలుపలనే నిలిపిరి.

1897 సం॥ జనవరి 13వ తేదీ సాయంకాలమున, కుటుంబమును ముందుగా బండిలో బంపి, లాటను అను న్యాయవాదితో గాంధి కాలినడకను బయలుదేరెను. మూక ఆయనను గుర్తించి, లాటనును ప్రక్కకు లాగివైచి, రాళ్లును కుళ్లిన గ్రుడ్లును విసరెను; తలపాగా లాగి, పిడికిళ్లతో గ్రుద్ది, కాళ్లతో దన్నెను. ఆయన మూర్ఛపోవుచు ఒక యింటి కటకటాలను పట్టుకొనెను. అంతలో పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండరుగారి భార్య అటు వచ్చి, తన గొడుగు విప్పి, మూకకును ఆయనకును నడుమ నిలిచెను. పోలీసువారు వచ్చి ఆయనను మిత్రుడైన పారసీ రుస్తుంజీ గృహమునకు జేర్చిరి. రాత్రి మూక ఆ యింటిని ముట్టడించి, తగులబెట్టుదుమని బెదరింపగా, అలెగ్జాండరుగారి సలహాపై ఆయన పోలీసు జవాను వేషమున వెడలిపోయెను.

సీమమంత్రి చేంబర్లేనుగారు నేరస్థులను విచారింపుడని తంతి నంపినను, గాంధి ఎవరిమీదను ఫిర్యాదు చేయుట కొప్పుకొనలేదు. తప్పుదారి పట్టించిన పెద్దలదే దోషమనియు, నిజము దెలిసినపుడు ఆ యువకులు పశ్చాత్తాపపడుదురనియు ఆయన నమ్మెను. పిమ్మట అచటి పత్రికలును ఆయన నిర్దోషి యని వ్రాసినవి.

అల్లరి యడగినను మనవారి బాధ తీరలేదు. రాళ్లు చేయలేని పనిని ఆ సంవత్సరమే శాసనములు చేసెను. ఒక చట్టము యూరపుభాష యేదియు రానివారికి ప్రవేశము నిషేధించెను. వేరొకటి అంగడి లైసెన్సు నిరాకరించు నధికారము నుద్యోగుల కిచ్చి, కోర్టులలో అప్పీలు లేకుండ జేసెను. ఇందు హిందూదేశస్థుల పేరైన లేదు. బాధపడినవారు మాత్రము వారే. మూడు పౌనుల పన్ను సుదీర్ఘ సత్యాగ్రహానంతరము 1914లో రద్దయ్యెను.

వదంతి విని రాయి విసరినవారు పెక్కండ్రు; గొడుగు విప్పినది ఒక్కతె. మన వీథిలో నట్టి దినము వచ్చినచో మనమే పక్షమున నుందుమో, ప్రతి విద్యార్థియు ఇప్పుడే యోచించుకొనవలయునని కోరుచున్నాము.