భండారు అచ్చమాంబ

భండారు అచ్చమాంబ 1874లో జన్మించారు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుకు ఆమె అక్క. బడికి వెళ్లే భాగ్యం లేకున్నా, తమ్ముని చదువును ఆసరాగా చేసుకొని విద్య నేర్చారు. బిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలోనూ కలం విడువలేదు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించారు. 1902 నవంబరులో ‘హిందూసుందరి’ పత్రికలో ఆమె కథ ‘ధనత్రయోదశి’ వెలువడింది.

చాలాకాలం 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’నే తొలి తెలుగు కథగా భావించారు. తరువాత పరిశోధకులు పాత సంచికలను వెదకి, అచ్చమాంబ కథ ఏడేళ్లకు పైగా ముందుదని నిరూపించారు. శిల్పం దృష్ట్యా ‘దిద్దుబాటు’కే పట్టం కట్టే విమర్శకులున్నారు, కాని ప్రచురణ తేదీని కాదనలేరు. విచిత్రమేమంటే, దారితప్పిన భర్తను సరిదిద్దేది రెండు కథలలోనూ భార్యయే. 1905లో, ముప్పై ఏళ్లకే కన్నుమూసిన అచ్చమాంబ ‘దిద్దుబాటు’ను చూడనేలేదు.