డోర్నకల్ తండ్రిగారు

మన తిరుమలాయపాలెమునకు బండిమీద ఒక పగటి ప్రయాణపు దూరమున డోర్నకల్ అను రైలు కూడలి గలదు. సికిందరాబాదునుండి బెజవాడకు బోవు ఇనుపదారిలో సింగరేణి బొగ్గుగనులకు కొమ్మదారి చీలు చోటది. ఆ యూరి పెద్ద దేవాలయమును క్రొత్తగా జూచిన బాటసారి దానిని మసీదనుకొనినను, గుడియనుకొనినను ఆశ్చర్యపడవలసినది లేదు. గుమ్మటములును మీనారులును ముసల్మానుల కట్టడములను దలపించును. స్తంభములు మన శివాలయముల మండపములను దలపించును. సిలువయే ఇది క్రైస్తవ మందిరమని తెలుపును. దీనిని గట్టించినవారును, దీని యావరణముననే సమాధి చేయబడినవారును బిషప్ వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు. వారు 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో మృతినొందిరి.

ఒక మతగురువు గతించినప్పుడు తన మందలోని వారు దుఃఖించుట వింతగాదు. పరమతస్థులు ఆయన లేమిని ఎట్లు తలంతురన్నది వేరు సంగతి. అట్టివారిని గూర్చి వ్రాయునప్పుడు హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు అందరును ఏకకంఠముగా విలపించిరని ముగించుట మన పత్రికలకు అలవాటు. మేమట్లు వ్రాయము. అజరయ్యగారు అందరితోను ఇచ్చకములాడి పేరు సంపాదించినవారు కారు. వారి వలన మేలు పొందినవారును, కష్టపెట్టుకొనినవారును, వాదించినవారును గలరు. ఎవరికి వారు ఏమియై యుండిరో ముందు తెలిసికొనిన పిదప, ఆ మరణము ఎవరికెంత నష్టమో చదువరులే నిర్ణయింపగలరు.

వారు తెలుగువారు కారు. 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తిరునల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళై అను చిన్న గ్రామమున జన్మించిరి. తండ్రి తామస్ వేదనాయకముగారు శైవ కుటుంబమున బుట్టి, మిషను పాఠశాలలో చదువుకొనుచు క్రైస్తవుడై, పిమ్మట గ్రామ గురువైనవారు. మిషను బడి పిల్లవాని బ్రతుకును ఎంత దూరము మార్చగలదో ఈ కుటుంబమే సాక్ష్యము. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని, పట్టము పుచ్చుకొనకయే బయటికి వచ్చిరి. ఇరువదియేండ్లు దాటిన పిదప, 1920లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరు బిరుదము నొసగెను. పరీక్ష తప్పినవెంటనే పుస్తకములు మూలబెట్టు మన పిల్లలు ఈ ముక్క రెండుమారులు చదువవలెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. ఆమె చదువుకొనిన స్త్రీ. తరువాత డోర్నకల్‌లో భర్తతో సమానముగా శ్రమించినది.

యువజన క్రైస్తవ సమాజములో కార్యదర్శిగా నుండి, దక్షిణదేశమంతయు తిరుగుచుండగా, 1902లో సింహళద్వీపములోని యాళ్పాణమున వారొక సంగతి గమనించిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో తమవారినే సువార్త పనికి పంపుచుండిరి. మనమెందుకు చేయరాదన్న సిగ్గు వారికి గలిగెను. 1903లో తిరునల్వేలి దేశీయ మిషనెరీ సంఘమును, 1905లో శ్రీరామపురమున జాతీయ మిషనెరీ సంఘమును స్నేహితులతో గూడి స్థాపించిరి. మొదటి సంఘము తన పనికి నైజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమును ఎంచుకొనెను. ఇతరులను పంపి తాము మద్రాసున కూర్చుండుట వారి మనసునకు ఒప్పలేదు. 1909లో గురుపట్టము పొంది, ముప్పదియైదవ యేట, తెలియని సీమకు, తెలియని భాషకు తరలివచ్చిరి. అప్పుడు డోర్నకల్ చుట్టును అడవియే. ఆ వయసున అక్షరములు దిద్దుకొని తెలుగు నేర్చి, తెలుగులోనే బోధించిరి.

1910లో స్కాట్లాండు రాజధానియైన ఎడింబరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగినప్పుడు వారు ఒక ప్రసంగము చేసిరి. మిషనెరీలు ఈ దేశము కొరకు ఆస్తిని, ప్రాణమును ఇచ్చిరని కృతజ్ఞతతో ఒప్పుకొనుచునే, స్నేహమును మాత్రము ఇయ్యలేదనియు, దేశీయులకు కావలసినది అదియే యనియు వారు నిర్మొగమాటముగా చెప్పిరి. సభలో అనేకులకు ఆ మాట ములుకువలె తగిలెను. తెల్లదొరలు నిండిన సభలో నల్లవాడొకడు అట్లు పలుకుట నాటికి సామాన్యము గాదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వారు బిషప్‌గా ప్రతిష్ఠింపబడిరి. భారతీయుడొకడు ఆంగ్లికను సంఘమున ఆ పదవి నొందుట అదియే మొదలు. దొరలకు పైగా దేశీయుడు అధికారము నెరపగలడా యని సందేహించినవారు పలువురు. మరి ముప్పది రెండేండ్ల పిమ్మట వారు మరణించునాటికి గూడ, స్వంత అధ్యక్షఖండమును ఏలు భారతీయ బిషప్ ఆ సంఘములో మరియొకరు లేకుండిరి. ఈ సంగతి ఎవరికి గౌరవమో, ఎవరికి అగౌరవమో వేరుగ చెప్పనక్కరలేదు.

మొదట చిన్నదైన ఆ అధ్యక్షఖండము క్రమముగా పెరిగి, గోదావరి యొడ్డున కోయల నడుమ 1860 ప్రాంతమున మొదలైన దుమ్ముగూడెము మిషనును, మన ఖమ్మముమెట్టును, సముద్రతీరమున మచిలీపట్టణమును గూడ తనలో జేర్చుకొనెను. అందలి క్రైస్తవుల సంఖ్య వారి కాలములోనే రెండు లక్షలు దాటెను. ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరిబయటి గూడెములలో పంతులును బెట్టి బడి నడుపుట, అప్పు, తాగుడు, రోగము, అశుభ్రత అను నాలుగు భూతములతో పోరాడుట, ఎద్దుబండిమీద గూడెము గూడెము తిరిగి వారితో గూర్చుండుట వారి దినచర్య. పంటల పండుగలను, జాతరలను, తెలుగు కీర్తనలను వారు త్రోసివేయక ఆరాధనలో నిలుపుకొనిరి. ఈ జనులే వారిని తండ్రిగారని పిలిచిరి. బిషప్ అను పదము నోరు తిరుగక పిలిచినది కాదది.

ఊరిలోని పెద్దలకు ఇదంతయు ఇష్టమా? నిజము చెప్పవలెనన్న, కాదు. క్రైస్తవుడైన మాదిగ అమ్మవారి జాతరలో డప్పు కొట్టనన్నప్పుడు, ఆదివారమున వెట్టిపనికి రాననినప్పుడు దొరలకు, పటేండ్లకు కోపము వచ్చుట సహజమే. తరతరముల కట్టుబాటు తెగుచుండగా ఎవడు సంతసించును? కొన్ని గ్రామములలో దెబ్బలాటలును జరిగెను. చిత్రమేమన, కొన్నియేండ్లు గడచినపిదప అట్టి పల్లెలలోనే రైతు కులములవారు కొందరు, తమ పాలేరులు తాగుడు మాని, చదువు నేర్చి, శుభ్రముగా నుండుట చూచి, తామును సంఘములో చేరసాగిరి. అజరయ్యగారు దీనిని మిగుల సంతోషముతో లోకమునకు చాటిరి.

ఆ చాటింపే గాంధీమహాత్మునితో వివాదమునకు హేతువాయెను. 1936, 1937 సంవత్సరములలో గాంధీగారు తన హరిజన పత్రికలో సామూహిక మతాంతరములను గట్టిగా ఖండించి, డోర్నకల్ నుండి వెలువడిన ఈ మాటలను ప్రశ్నించిరి. మతభేదములను తూచి చూచు అవకాశము లేని నిరుపేదలను మతము మార్చుట తగదని ఆయన తలంపు. ఆ పేదవానికి ఆత్మయు, వివేకమును గలవనియు, తన దేవుని తాను ఎంచుకొను హక్కు వానికి లేదనుటయే వానిని తక్కువ చేయుట యనియు అజరయ్యగారి తలంపు. ఇరువురును అస్పృశ్యతను పాపముగా నెంచినవారే. దానిని తుడుచు త్రోవలోనే ఎడబాటు. మా పాఠశాలలో ఈ ఇరువురిని గౌరవించు కుటుంబముల పిల్లలు ఒకే బల్లమీద కూర్చుందురు గనుక, తీర్పు చెప్పక రెండు పక్షములను ఉన్నవున్నట్లు వ్రాసితిమి.

అయినను వారిని జాతికి దూరమైనవారని అనుకొనరాదు. 1932లో బ్రిటిషు ప్రభుత్వము మతవారీ స్థానములను ప్రకటించి, దేశీయ క్రైస్తవులకును ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చినప్పుడు, లాభము చేతికందియు అజరయ్యగారు వలదనిరి. క్రైస్తవులు శాసనసభలో పొరుగువారినుండి వేరై ఒక వర్గముగా గిరిగీసికొనుట సంఘమునకే హానియని వారు నమ్మిరి. వారి అధ్యక్షఖండములో పెద్దభాగము బ్రిటిషు ఆంధ్రములో నుండినందున, ఇది వట్టిమాట గాదు. జనులను హిందూమతమునుండి తన సంఘమునకు పిలిచినవాడే, ఆ జనుల లెక్కను రాజకీయపు బేరమునకు పెట్టనన్నాడు. మా యెన్నికలో వారి జీవితమున అన్నిటికంటె బరువైనది ఈ నిర్ణయము.

ఇక దేవాలయము. దాదాపు పాతికేండ్ల ప్రయాసమున లేచి, 1939 జనవరి 6వ తేదీన అది ప్రతిష్ఠింపబడెను. ఇంగ్లండులోని గుడికి నకలు తెచ్చుట సులభమై యుండును. నైజాము నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాను ఏలుబడిలో, హిందువులు అత్యధికులైన సీమలో, క్రైస్తవులు కట్టుకొను ఇల్లు ఆ మూటిని మరువరాదని వారి సంకల్పము. తానీషా పేర భద్రాద్రి రామునికి ముత్యాల తలంబ్రాలు పంపు సంప్రదాయము గల ప్రాంతము మనది. పీరీలు లేచినప్పుడు హిందువులును వెంటనడచు పల్లెలు మనవి. అట్టి నేలకు ఆ గుమ్మటములును, ఆ స్తంభములును పరాయివి కావు.

ఈ దేవాలయము ప్రతిష్ఠింపబడి ఆరేండ్లు పూర్తియగుటకు అయిదు దినముల ముందే వారు కన్నుమూసిరి. డెబ్బది యేండ్ల వయసు. చివరివరకును పనిలో నున్నవారు. గూడెముల జనులకు తండ్రి పోయినట్లే యయ్యెను. బడి పంతుళ్లకు, గురువులకు తమను ఆ పనికి నిలిపిన చేయి పోయెను. డప్పు మానిన మాదిగమీద అలిగిన పటేలునకు నష్టమేమి? తనతో ఎదుటబడి వాదించగల మనిషి పోయినాడు. చాటున కుట్ర పన్నినవాడు కాదు. తన ఇంటివాలకమును క్రైస్తవుల గుడిమీద చూచుకొనిన ముసల్మానునకు, పొరుగువాని కళను చిన్నచూపు చూడని ఒక పెద్ద పోయినాడు. వాదము తీరకయే వాది పోవుట మిత్రుడు పోయినదానికంటె ఒక్కొక్కప్పుడు ఎక్కువ వెలితిగా నుండును. మూడేండ్లు తిరిగినపిదప, 1948 జనవరి 30వ తేదీన, గాంధీమహాత్ముడును హత్య చేయబడెను.

పరసంఘముల క్రైస్తవులకు గలిగిన నష్టము మరియొక రకము. 1919లో తరంగంబాడి సమావేశమును గూర్చి, ఆంగ్లికనులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలులు ఒక్కటి గావలెనని పిలుపు నిచ్చినవారిలో అజరయ్యగారు ముఖ్యులు. తరువాత మెథడిస్టులును వచ్చి చేరిరి. పాశ్చాత్య దేశముల పాత తగాదాలను మన పల్లెలలో మోయనేల యని వారి ప్రశ్న. ఇరువదియారేండ్లు సభలలో, ఉత్తరములలో, ఓపికతో ఆ పని నడిపిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసున దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఆనాటికి వారు డోర్నకల్ దేవాలయపు నీడన పరుండి రెండున్నర యేండ్లు దాటెను.