కార్యాలయం నుంచి కదనరంగానికి: జనరల్ చౌధురి ప్రస్థానం

సంత్రాగాఛి: హౌరా నుంచి ఈ ఊరి మీదుగా దక్షిణాదికి సాగే రైలు మార్గం వెంట ఎన్నో తెలుగు కుటుంబాలు బెంగాల్‌కు వచ్చి స్థిరపడ్డాయి. అదే బెంగాల్‌కు చెందిన ఒక సైనికాధికారి 1948 సెప్టెంబరు నుంచి 15 నెలల పాటు హైదరాబాదు సంస్థానాన్ని పాలించారు. ఆయనే జనరల్ జయంతనాథ్ చౌధురి. సైన్యాధిపతి పదవిని అధిష్ఠించిన తొలి బెంగాలీ అయిన ఆయన జీవితంలో ప్రధాన కార్యాలయపు బల్లకు, యుద్ధరంగంలోని టాంకుకు దాదాపు సమాన స్థానం ఉంది.

1908లో జన్మించిన చౌధురి, కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు ఉమేశ్ చంద్ర బెనర్జీకి దౌహిత్రుడు. కలకత్తాలోను, లండన్‌లోను చదువుకుని, శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొంది 1928లో సైన్యంలో చేరారు. నాడు భారతీయ అధికారులకు కొన్ని రెజిమెంట్లలో మాత్రమే ప్రవేశం ఉండేది. అటువంటి వాటిలో ఒకటైన 7వ లైట్ కావల్రీలో ఆయన ఉద్యోగ జీవితం మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభంలో క్వెట్టా స్టాఫ్ కళాశాలకు ఎంపిక కావడంతో ఆయన దారి మారింది.

సైన్యంలో స్టాఫ్ అధికారి తుపాకీ పేల్చడు. ఉత్తర్వులు రాయడం, మందుగుండు, పెట్రోలు, తిండిగింజలు సకాలంలో చేరేటట్లు చూడటం, ఏ దళం ఏ దారిన ఎప్పుడు కదలాలో నిర్ణయించడం అతని పని. ఎల్లకాలం రెజిమెంటులోనే ఉన్న అధికారిపై పై అధికారుల దృష్టి పడదు. ఎల్లకాలం కార్యాలయంలోనే ఉన్నవాడికి జవాను మనసు తెలియదు. ఈ రెండింటి మధ్య సమతూకం సాధించినవారే పై మెట్లు ఎక్కగలరన్నది అన్ని దేశాల సైన్యాలలోను కనిపించే అనుభవం.

ఆ సమతూకం చౌధురికి లభించింది. 5వ భారత డివిజన్ స్టాఫ్‌లో సూడాన్, ఎరిత్రియా, ఉత్తర ఆఫ్రికా ఎడారి యుద్ధాలను చూశారు. తిరిగివచ్చి 1943లో క్వెట్టాలో బోధకులయ్యారు. మరుసటి సంవత్సరం 16వ లైట్ కావల్రీ ఆధిపత్యం ఆయనకు దక్కింది. 18వ శతాబ్దంలో మద్రాసు ప్రాంతంలో పుట్టిన ఆ రెజిమెంటును బర్మా యుద్ధంలో ఆయన నడిపించారు. యుద్ధానంతరం మలయాలో పరిపాలనా బాధ్యతలు నిర్వహించి, 1947లో లండన్‌లోని ఇంపీరియల్ డిఫెన్స్ కళాశాలలో చదివారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే ఢిల్లీలో సైనిక కార్యకలాపాలు, గూఢచార విభాగాల డైరెక్టరుగా నియమితులయ్యారు. అప్పటికే కాశ్మీరులో యుద్ధం సాగుతోంది. 1948 ఫిబ్రవరిలో తాత్కాలికంగా చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ బాధ్యతలు చేపట్టి, మే నెలలో 1వ సాయుధ డివిజన్ అధిపతిగా బయటికి వచ్చారు. ఢిల్లీ కార్యాలయంలోనే ఉండిపోయి ఉంటే హైదరాబాదు చరిత్రలో ఆయన పేరు ఉండేది కాదేమో.

సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి ఆయన డివిజన్, బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలోని సేనలు సంస్థానంలో ప్రవేశించాయి. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ చౌధురికి లొంగిపోయారు. ఆ పిమ్మట మిలిటరీ గవర్నరుగా 1949 డిసెంబరు వరకు చౌధురి పాలన సాగింది. జాగీర్దారీ విధానం రద్దు 1949 ఆగస్టులో ఆయన హయాంలోనే జరిగింది. తెలంగాణ పల్లెల్లో సాయుధ రైతాంగ పోరాటంపై కఠినమైన అణచివేత సాగిందీ ఆ కాలంలోనే. పోలీసు చర్య సమయంలోను, ఆ తరువాత కూడా జరిగిన మతహింసలో 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు.

హైదరాబాదు తరువాత మళ్లీ ఢిల్లీ బల్ల ఎదురైంది. అడ్జుటెంట్ జనరల్‌గా, చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్‌గా పనిచేసి, ఆపై ఒక కోర్‌కు, 1959లో దక్షిణ కమాండ్‌కు అధిపతి అయ్యారు. 1961 డిసెంబరులో గోవా విమోచన ఈ కమాండ్ పరిధిలోనే జరిగింది. సైనికాధికారి అయి ఉండి పేరు వెల్లడించకుండా కలకత్తా పత్రిక స్టేట్స్‌మన్‌కు సైనిక వ్యవహారాల వ్యాసాలు రాయడం ఆయన మరో వ్యాపకం.

ఈ క్రమం తారుమారైతే ఏమవుతుందో 1962లో దేశం చూసింది. లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ క్వార్టర్ మాస్టర్ జనరల్, చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ పదవుల్లో ఢిల్లీలో మిక్కిలి పలుకుబడి గడించారు. యుద్ధంలో దళాలను నడిపిన అనుభవం మాత్రం ఆయనకు లేదు. అక్టోబరులో 4వ కోర్‌ను ఆయనకు అప్పగించారు. నవంబరులో ఈశాన్య సరిహద్దు రక్షణ కుప్పకూలింది. సైన్యాధిపతి థాపర్ తప్పుకోవడంతో నవంబరు 20న చౌధురి పగ్గాలు చేపట్టారు.

రక్షణ మంత్రి వై.బి. చవాన్‌తో కలిసి కొండప్రాంతాల డివిజన్లను నెలకొల్పడం, సైన్యాన్ని సుమారు 8 లక్షల 25 వేలకు పెంచే ప్రణాళికను అమలు చేయడం ఆయన చేసిన పెద్ద పని. రెండేళ్లలో రక్షణ వ్యయం రెట్టింపుకు మించింది. ఇది అచ్చంగా స్టాఫ్ అధికారి చేయదగ్గ కార్యం, ఆయన దానిని చక్కగానే నెరవేర్చారు.

విమర్శ వచ్చింది మాత్రం 1965 యుద్ధంలో. లెక్కల్లో ఆరితేరిన ఆయన, ఆయుధసామగ్రి చాలావరకు ఖర్చయిపోయిందని ప్రధాని శాస్త్రికి నివేదించారని, నిజానికి ముందు వరుస మందుగుండులో సుమారు 14 శాతమే వాడారని తరువాతి రచనలు పేర్కొంటున్నాయి. ఖేమ్‌కరణ్ పోరు ముమ్మరంగా ఉన్న వేళ బియాస్ నది వెనక్కి తగ్గాలని ఆయన సూచించగా తాను నిరాకరించానని పశ్చిమ కమాండ్ అధిపతి హర్బక్ష్ సింగ్ తన రచనలో తెలిపారు. అయినా అసల్ ఉత్తర్ వద్ద పాక్ టాంకులను భారత సేన చిత్తు చేసింది. ఢిల్లీ పటం మీద కనిపించే ప్రమాదానికి, పొలంలో నిలిచిన దళానికి కనిపించే అవకాశానికి ఉండే తేడా అక్కడ బయటపడింది.

1966 జూన్‌లో పదవీ విరమణ చేసిన చౌధురి కెనడాలో భారత హైకమిషనరుగా వెళ్లి 1969 వరకు పనిచేశారు. ఆయన ఆత్మకథ 1978లో వెలువడింది. 1983 ఏప్రిల్ 6న ఆయన కన్నుమూశారు.