జాక్వెలిన్ కోక్రాన్

జాక్వెలిన్ కోక్రాన్ (1906 మే 11 - 1980 ఆగస్టు 9) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ వైమానికురాలు. ధ్వని వేగాన్ని మించి విమానం నడిపిన మొట్టమొదటి మహిళగా ఈమె చరిత్రకెక్కింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక విమానాలను నడిపిన మహిళల దళానికి నాయకత్వం వహించింది. 1962లో నాలుగు ఇంజన్లు గల లాక్‌హీడ్ జెట్‌స్టార్ విమానంలో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి, జెట్ విమానంపై ఆ సముద్రాన్ని దాటిన తొలి మహిళ అయింది.

బాల్యము, తొలి జీవితము

కోక్రాన్ అసలు పేరు బెస్సీ లీ పిట్‌మన్. ఫ్లోరిడా రాష్ట్రపు ఉత్తర భాగంలో ఒక పేద కుటుంబంలో, ఐదుగురు సంతానంలో చివరి బిడ్డగా జన్మించింది. తండ్రి ఇరా పిట్‌మన్ కలప మిల్లులలో యంత్రాల పనివాడు. మిల్లు ఎక్కడ ఉంటే అక్కడికి కుటుంబం తరలిపోవలసి రావడంతో ఆమెకు సరైన పాఠశాల విద్య లభించలేదు. చిన్న వయసులోనే జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో నూలు మిల్లులో పనికి కుదిరింది.

బాల్యం దాటకుండానే రాబర్ట్ కోక్రాన్ అనే వ్యక్తితో వివాహం జరిగింది. వారికి కలిగిన కుమారుడు 1925లో పసితనంలోనే ప్రమాదవశాత్తు మరణించాడు. ఆ వివాహం నిలువకపోయినా కోక్రాన్ అనే ఇంటిపేరును మాత్రం ఆమె జీవితాంతం ఉంచుకొంది. తాను అనాథనని, పెంపుడు కుటుంబంలో పెరిగానని ఆమె తన ఆత్మకథలో చెప్పుకొంది. అయితే ఆమె పిట్‌మన్ దంపతుల సొంత బిడ్డయేనని తరువాతి పరిశోధకులు నిర్ధారించారు. గతాన్ని బయటపెట్టకపోయినా, చేతిలో డబ్బు ఆడిన తరువాత తన వారిని ఆమె ఆదుకుంటూనే వచ్చింది.

కేశాలంకరణ పని నేర్చుకొన్న కోక్రాన్ దక్షిణాది పట్టణాలలో కొంతకాలం పనిచేసి, న్యూయార్క్ చేరి అక్కడ ఒక పేరున్న అలంకరణశాలలో స్థానం సంపాదించింది. 1932లో మయామీలో ఫ్లాయిడ్ ఓడ్లం అనే సంపన్న వ్యాపారవేత్తతో పరిచయం కలిగింది. సౌందర్య సాధనాల వ్యాపారం చేయాలన్న ఆమె ఆలోచన విని, దేశమంతా తిరిగి సరుకు అమ్మాలంటే విమానం నడపడం నేర్చుకోవడం మేలని ఆయన సూచించాడు. 1936లో వీరిద్దరికీ వివాహం జరిగింది.

విమానయానంలో ప్రవేశము

1932లో లాంగ్ ఐలాండ్‌లోని రూజ్‌వెల్ట్ ఫీల్డ్‌లో చేరి, మూడు వారాలలోనే కోక్రాన్ విమాన చోదక అనుమతి పత్రాన్ని పొందింది. 1935లో తన సౌందర్య సాధనాల సంస్థను ప్రారంభించి, వాటికి రెక్కలను చిహ్నంగా పెట్టుకొంది. వ్యాపారమూ, విమానయానమూ ఒకదానికొకటి ఆసరాగా ఆమె జీవితం సాగింది.

1934లో ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు జరిగిన మాక్‌రాబర్ట్‌సన్ విమాన పందెంలో పాల్గొని, విమానం మొరాయించడంతో బుకారెస్ట్‌లో విరమించుకోవలసి వచ్చింది. అమెరికాలో ప్రతిష్ఠాత్మకమైన బెండిక్స్ పందెంలో మహిళలకు ప్రవేశం కల్పించడానికి అమీలియా ఇయర్‌హార్ట్‌తో కలిసి కృషి చేసింది. 1937లో ఆ పందెంలో మూడవ స్థానం పొందింది. 1938లో సెవర్‌స్కీ విమానంపై కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్ నుండి క్లీవ్‌లాండ్‌కు, సుమారు 3,280 కిలోమీటర్ల దూరాన్ని 8 గంటల 10 నిమిషాలలో చేరి విజేతగా నిలిచింది. దారిలో ఒక రెక్కలోని ఇంధనం ఇంజనుకు సరిగా అందకపోవడంతో, ఆ రెక్కను పైకెత్తి విమానాన్ని పక్కకు వంచి నడపవలసి వచ్చింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలము

1939 సెప్టెంబరులో ఐరోపాలో యుద్ధం మొదలవగానే, మహిళా వైమానికుల సేవలను వినియోగించుకోవాలని కోరుతూ కోక్రాన్ అధ్యక్షుని భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్‌కు లేఖ వ్రాసింది. 1941 జూన్‌లో లాక్‌హీడ్ హడ్సన్ బాంబర్ విమానాన్ని బ్రిటన్‌కు చేరవేసి, అట్లాంటిక్ మీదుగా బాంబర్ నడిపిన తొలి మహిళ అయింది. అయితే పురుష వైమానికుల అభ్యంతరాల కారణంగా, ఆ ప్రయాణంలో విమానాన్ని పైకి లేపడం, దింపడం మాత్రం ఆమెతో ఉన్న కెప్టెన్ చేతిలోనే ఉంచారు. ఆ తరువాత ఆమె 25 మంది అమెరికా మహిళలను ఎంపిక చేసి, బ్రిటన్‌లో విమానాల చేరవేత సేవలో చేర్చింది.

1942లో కోక్రాన్ ఆధ్వర్యంలో మహిళలకు సైనిక విమానాలపై శిక్షణ ప్రారంభమైంది. 1943 ఆగస్టులో ఆ విభాగాన్నీ, నాన్సీ లవ్ నాయకత్వంలోని చేరవేత దళాన్నీ కలిపి వాస్ప్ అనే ఒకే దళంగా ఏర్పరచి, కోక్రాన్‌ను దాని డైరెక్టరుగా నియమించారు. టెక్సాస్ రాష్ట్రం స్వీట్‌వాటర్‌లోని అవెంజర్ ఫీల్డ్ శిక్షణ కేంద్రంగా ఉండేది. 25,000 మందికి పైగా దరఖాస్తు చేయగా 1,830 మందిని చేర్చుకొన్నారు. వారిలో 1,074 మంది శిక్షణ పూర్తిచేశారు. కర్మాగారాల నుండి విమానాలను స్థావరాలకు చేర్చడం, మరమ్మతు చేసిన విమానాలను పరీక్షించడం, సైనికుల గురి సాధనకు లక్ష్యాలను విమానం వెనుక లాగడం వీరి పనులు. ఈ దళంలో నల్లజాతి మహిళలకు ప్రవేశం లభించలేదు. కోక్రాన్ నాయకత్వంపై ఇది ఒక విమర్శగా మిగిలింది.

విధి నిర్వహణలో 38 మంది మహిళలు ప్రాణాలు కోల్పోయారు. చట్టప్రకారం వీరు సైనికులు కారు, పౌర ఉద్యోగులు మాత్రమే. అందువలన మరణించిన వారికి సైనిక గౌరవాలు గాని, అంత్యక్రియల ఖర్చు గాని దక్కలేదు. మృతదేహాన్ని ఇంటికి పంపడానికి తోటి మహిళలే చందాలు వేసుకొన్న సందర్భాలున్నాయి. సైనిక హోదా కల్పించే బిల్లు 1944 జూన్‌లో ప్రతినిధుల సభలో వీగిపోయింది. ఉపాధి పోతుందని భయపడిన పురుష శిక్షకుల ఒత్తిడి అందుకు ఒక ముఖ్య కారణం. 1944 డిసెంబరు 20న దళాన్ని రద్దు చేశారు. 1945లో కోక్రాన్‌కు విశిష్ట సేవా పతకం లభించింది. ఆమె దళానికి మాజీ సైనికుల హోదా లభించడానికి మాత్రం 1977 వరకు ఆగవలసి వచ్చింది.

ధ్వని వేగాన్ని దాటడం

యుద్ధానంతరం కోక్రాన్ దృష్టి జెట్ విమానాల వైపు మళ్ళింది. అప్పట్లో మహిళల వేగ రికార్డుల విషయంలో ఫ్రాన్సుకు చెందిన జాక్వెలిన్ ఓరియోల్ ఆమెకు గట్టి ప్రత్యర్థి. ఒకరి రికార్డును మరొకరు దాటుతూ వచ్చారు. అమెరికా వైమానిక దళపు జెట్ విమానం ఒక పౌర మహిళకు దొరకడం కష్టం కనుక, తాను సలహాదారుగా ఉన్న కెనడేర్ సంస్థ నిర్మించిన సేబర్ విమానాన్ని కోక్రాన్ ఎంచుకొంది. ధ్వని వేగాన్ని మొదట దాటిన చక్ యేగర్ ఆమెకు మెలకువలు నేర్పి, పక్కనే మరొక విమానంలో వెంట ఎగిరాడు. 1953 మే 18న కాలిఫోర్నియాలోని రోజర్స్ డ్రై లేక్ మీద ఆమె 100 కిలోమీటర్ల వలయ మార్గంలో గంటకు 1,049.8 కి.మీ. సగటు వేగాన్ని సాధించింది. అదే రోజు నిటారుగా దూకించి ధ్వని వేగాన్ని దాటింది. అప్పటికి ఆమె వయస్సు 47 సంవత్సరాలు.

రాజకీయాలు

1952లో ఐసెన్‌హోవర్‌ను అధ్యక్ష పదవికి పోటీ చేయించే ప్రయత్నాలలో కోక్రాన్ చురుకుగా పాల్గొంది. 1956లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా కాలిఫోర్నియా నుండి ప్రతినిధుల సభకు పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయింది. ఆమెను ఓడించిన దలీప్ సింగ్ సౌంద్ పంజాబులో జన్మించిన భారతీయుడు. అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన తొలి ఆసియా సంతతి వ్యక్తి ఆయనే. 1958లో అంతర్జాతీయ వైమానిక సమాఖ్యకు కోక్రాన్ అధ్యక్షురాలిగా ఎన్నికైంది. ఆ పదవి చేపట్టిన మొదటి మహిళ ఈమె.

జెట్‌స్టార్ ప్రయాణం

లాక్‌హీడ్ జెట్‌స్టార్ వ్యాపార అవసరాల కోసం తయారైన తొలి తరం జెట్ విమానాలలో ఒకటి. ప్రముఖ విమాన రూపకర్త కెల్లీ జాన్సన్ బృందం దీనిని రూపొందించింది. 1957 సెప్టెంబరు 4న తొలిసారి ఎగిరిన నమూనా విమానానికి రెండు ఇంజన్లే ఉండేవి. అమ్మకానికి తయారైన విమానాలకు మాత్రం ప్రాట్ అండ్ విట్నీ సంస్థ చేసిన నాలుగు చిన్న ఇంజన్లను, తోకకు ముందు ఇరువైపులా రెండేసి చొప్పున అమర్చారు. ఒక ఇంజను ఆగిపోయినా మూడు మిగిలి ఉండటం సముద్రాలపై ఎగిరేవారికి పెద్ద ధైర్యం. ఇరు రెక్కలకు మధ్యలో తొడిగినట్లుండే ఇంధన తొట్టెలు ఈ విమానాన్ని దూరం నుంచే గుర్తుపట్టే ఆనవాళ్ళు. సుమారు పది మంది ప్రయాణించగలిగే ఈ విమానాలు 200కు పైగా తయారయ్యాయి. అమెరికా వైమానిక దళం వీటిని ప్రముఖుల ప్రయాణాలకు వాడింది. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీకి చెందిన జెట్‌స్టార్‌ను ఆయన నివాసమైన గ్రేస్‌లాండ్‌లో ప్రదర్శనకు ఉంచారు.

1962 ఏప్రిల్‌లో కోక్రాన్ జెట్‌స్టార్‌పై న్యూ ఆర్లీన్స్ నుండి బయలుదేరి, మధ్యలో ఇంధనం నింపుకొంటూ, అట్లాంటిక్ దాటి పశ్చిమ జర్మనీ చేరింది. దారిలోని నగరాల మధ్య వేగాలను విడివిడిగా లెక్కగట్టడం వలన, జెట్‌స్టార్‌పై ఆమె పేరిట నమోదైన నగరాంతర, దూర రికార్డుల సంఖ్య 69కి చేరింది. యుద్ధ విమానంలో వేగం కోసం ఎగరడం కొద్ది నిమిషాల సాహసం. జెట్‌స్టార్ ప్రయాణం అటువంటిది కాదు. వాతావరణాన్ని, ఇంధనాన్ని, దిక్కును గంటల తరబడి లెక్క చూసుకొంటూ సాగే ఓర్పు గల పని. 21 సంవత్సరాల క్రితం అదే లాక్‌హీడ్ సంస్థ విమానంలో అదే సముద్రాన్ని దాటినప్పుడు నేల విడిచే, నేల తాకే హక్కు ఆమెకు దక్కలేదు. ఈసారి ఆ ఘనత ఆమె పేరుతోనే నమోదైంది.

మహిళా వ్యోమగాముల వివాదం

అదే 1962వ సంవత్సరం కోక్రాన్ జీవితంలో ఒక వివాదానికి కూడా కారణమైంది. వ్యోమగాముల వైద్య పరీక్షలు నిర్వహించిన డాక్టర్ రాండాల్ఫ్ లవ్‌లేస్ ఆమెకు చిరకాల మిత్రుడు. మహిళలకూ అవే పరీక్షలు జరిపినప్పుడు ఖర్చులను కోక్రాన్ దంపతులు భరించారు. 13 మంది మహిళలు వాటిలో నెగ్గారు. కాని ఆ ఏడాది జులైలో కాంగ్రెసు ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చిన కోక్రాన్, మహిళలను వెంటనే అంతరిక్ష యాత్రలకు ఎంపిక చేయడాన్ని సమర్థించలేదు. సాగుతున్న కార్యక్రమానికి ఆటంకం కలుగరాదని, మరింత మందిపై పరిశోధన జరగాలని వాదించింది. వివాహం, కుటుంబం కారణంగా పలువురు మధ్యలో తప్పుకోవచ్చునన్న అభిప్రాయం కూడా వెలిబుచ్చింది.

మహిళల కోసం ఎన్నో తలుపులు తెరిచిన వ్యక్తే ఇలా అనడం జెర్రీ కాబ్ వంటి వైమానికులను నిరాశపరిచింది. వయసు కారణంగా తనకు అవకాశం లేనందువల్లనే ఆమె అలా మాట్లాడిందని కొందరు, వాస్ప్ దళం రద్దయిన చేదు అనుభవం వలన తొందరపాటుకు జంకిందని మరికొందరు భావించారు. మరుసటి ఏడాది సోవియట్ యూనియన్‌కు చెందిన వాలెంటీనా తెరిష్కోవా అంతరిక్షంలోకి వెళ్ళింది. అమెరికా మహిళకు ఆ అవకాశం 1983లో గాని రాలేదు.

చివరి జీవితం

1964లో ఎఫ్-104 స్టార్‌ఫైటర్ విమానంపై గంటకు సుమారు 2,300 కి.మీ. వేగంతో ఎగిరి, ధ్వనికి రెట్టింపు వేగాన్ని దాటింది. అప్పటికి ఆమె వయస్సు 58 సంవత్సరాలు. వైమానిక దళపు రిజర్వు విభాగం నుండి కర్నల్ హోదాలో 1970లో విరమించుకొంది. తరువాత గుండె జబ్బు రావడంతో విమానాలు నడపడం మానవలసి వచ్చింది. 1976లో భర్త మరణించాడు. 1980 ఆగస్టు 9న కాలిఫోర్నియాలోని ఇండియోలో కోక్రాన్ కన్నుమూసింది. ఆమె సమాధి కోచెల్లా లోయలోని శ్మశానవాటికలో ఉంది.

గుర్తింపు

1971లో అమెరికా జాతీయ వైమానిక ప్రముఖుల శాలలో కోక్రాన్‌కు స్థానం లభించింది. 1996లో ఆమె చిత్రంతో తపాలా బిళ్ళ వెలువడింది. కాలిఫోర్నియాలోని థర్మల్‌లో గల విమానాశ్రయానికి ఆమె పేరు పెట్టారు. ఆమె నడిపించిన వాస్ప్ దళానికి 2010లో కాంగ్రెసు స్వర్ణ పతకాన్ని ప్రదానం చేశారు. ఆనాటికి ఆ దళంలో జీవించి ఉన్నది కొద్దిమంది వృద్ధ మహిళలు మాత్రమే.