ఆగని నెత్తురు – వాన్ విల్లెబ్రాండ్ జీవితం

బేతంచెర్ల నాపరాళ్ళ గనుల్లో పనిచేసేవాళ్ళకి చెయ్యి తెగడం కొత్త కాదు. గుడ్డ చింపి బిగించి కడితే కాసేపటికి నెత్తురు ఆగుతుంది. ఎంత బిగించినా ఆగని మనుషులూ ఉన్నారు. అటువంటి ఒక కుటుంబం సంగతి పట్టుకుని వైద్యచరిత్రలో నిలిచినవాడు ఎరిక్ అడోల్ఫ్ వాన్ విల్లెబ్రాండ్.

1870 ఫిబ్రవరి 1న ఫిన్లాండులోని వాసాలో పుట్టాడాయన. హెల్సింకిలో వైద్యం చదివి, 1899లో రక్తం మీదనే పరిశోధించి డాక్టరేటు పొందాడు. తర్వాత ఆసుపత్రిలో పనిచేశాడు.

1924లో ఆలాండ్ ద్వీపాలనుంచి అయిదేళ్ళ పిల్లను ఆయన దగ్గరికి తెచ్చారు. అప్పటికే ఆమె అక్కచెల్లెళ్ళు నలుగురు నెత్తురు కారి చనిపోయారు. హీమోఫీలియా అనుకుందామా అంటే అది ఎక్కువగా మగపిల్లల జబ్బాయె! ఆయన ఆ పిల్లతో సరిపెట్టుకోలేదు. తల్లివైపూ తండ్రివైపూ కలిపి 66 మంది సంగతి విచారిస్తే 23 మందికి ఇదే బాధ. ప్లేట్‌లెట్ల లెక్క సరిగానే ఉంది, నెత్తురు మాత్రం ఆగదు. 1926లో ఈ విషయం స్వీడిష్ భాషలో అచ్చువేశాడు. ఆ పిల్ల బతకలేదు. 13వ ఏట, నాలుగోసారి బయట చేరినప్పుడు నెత్తురు ఆగక కన్నుమూసింది.

జబ్బులో తీవ్రమైన రకం రావాలంటే లోపం తల్లీతండ్రీ ఇద్దరినుంచీ అందాలి. మేనరికాలు ఎక్కువగా చేసుకునే మన సీమవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

లోపం ప్లేట్‌లెట్లలో, రక్తనాళాల్లో ఉందనుకున్నాడాయన. 1949 సెప్టెంబరు 12న చనిపోయేనాటికి అసలు కారణం తేలలేదు. ప్లాస్మాలోని ఒక ప్రోటీను కొరతని తర్వాత తెలిసింది. దానికి ఆయన పేరే పెట్టారు.

గుండె లయ తప్పినవాళ్ళ విషయంలో ఆ పేరు మళ్ళీ వినబడుతుంది. పేస్‌మేకరు అమర్చిన చోట నెత్తురు గూడుకడితే చీము పట్టే ప్రమాదం. తొడ సిరగుండా తీగ పంపి గుండె ఎడమ గదుల్లో అబ్లేషన్ చేసేటప్పుడు, గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వక తప్పదు. నెత్తురే ఆగనివాడికి ఆ మందు! అయినా చికిత్స మానుకోనక్కరలేదు. ముందుగా ఆ ప్రోటీను మట్టం కొలుస్తారు. తేలికరకమైతే, గుండె స్థితి చూసుకుని, డెస్మోప్రెసిన్ ఇస్తారు; తీవ్రమైతే ప్రోటీనునే ఎక్కిస్తారు. రక్తవ్యాధుల నిపుణుడు పక్కనుంటాడు. ఇదంతా జరగాలంటే, పన్ను పీకించినప్పుడు గానీ కాన్పులో గానీ నెత్తురు ఎంతసేపు కారిందో, మేనత్తకో మేనమామకో అట్లా ఉందో లేదో, సూది గుచ్చకముందే డాక్టరు చెవిన పడాలి.