గ్రోవ్ కార్ల్ గిల్బర్టు జీవిత సంగ్రహము

వేసవిలో ఊరి చెరువు ఎండినపుడు దాని గట్టుపై నీటి చారలును, అడుగున నెఱియలు విచ్చిన ఒండుమట్టియు మనకు కనబడుచుండును. ఆ నెఱియలోనికి వంగి చూచినచో, ఒకదానిపై నొకటిగా పేర్చినట్లున్న సన్నని పొరలు కానవచ్చును. ఏటేట వచ్చిన నీరు ఒక్కొక్క పొరను విడిచిపోయినది. మనము నిత్యము చూచియు గమనింపని యీ స్వల్పవిషయమునే అమెరికా దేశపు టెడారిలో మిక్కిలి పెద్దయెత్తున పరిశీలించి, ఏ మానవుడును వ్రాసియుంచని చరిత్రను వెలికితీసిన భూగర్భశాస్త్రజ్ఞుడు గ్రోవ్ కార్ల్ గిల్బర్టు. ఆయన జీవితము విద్యార్థులకు ప్రయోజనకరమని తలంచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

గిల్బర్టు 1843వ సంవత్సరము మే నెల 6వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి మనుష్యుల రూపచిత్రములు వ్రాసి జీవించు చిత్రకారుడు. ఇంట సిరిసంపదలు లేవు. అయినను తలిదండ్రులు కుమారుని చదువు మాన్పింపలేదు. 1862లో అతడు రోచెస్టరు విశ్వవిద్యాలయమున పట్టభద్రుడయ్యెను. అచ్చట గ్రీకు, లాటిను భాషలను, గణితమును శ్రద్ధగా నేర్చెను గాని, పిమ్మట తనకు కీర్తి తెచ్చిన భూగర్భశాస్త్రమును మాత్రము కొలదిగనే చదివెను.

పట్టము పుచ్చుకొనిన వెంటనే మిషిగన్ రాష్ట్రమున జాక్సన్ అను ఊరిలో ఉపాధ్యాయుడుగా చేరెను. అప్పటికి పందొమ్మిదేండ్ల వాడు, స్వభావము మెత్తనిది. తరగతిలోని అల్లరి పిల్లలను అదుపులో నుంచలేక, సంవత్సరము పూర్తికాకమునుపే పని వదలి యింటికి మరలివచ్చెను. బడి పంతులుపనిలో నున్న మాబోటివారికి ఈ ఘట్టము చదువునపుడు జాలియు, ఒకింత చిరునవ్వును కలుగకమానదు. అయితే ఒక పనిలో తప్పినవాడు జీవితమంతయు తప్పినవాడు కాడు.

తన గురువగు హెన్రీ వార్డు కళాశాలలకును ప్రదర్శనశాలలకును శిలలు, శిలాజములు, ఎముకలు సమకూర్చి పంపు సంస్థ యొకటి నడుపుచుండెను. గిల్బర్టు అందు చేరి, వచ్చిన వస్తువులను ఏరి, తరగతులుగా విభజించి, చీటీలు అంటించు పనిలో ఐదేండ్లు గడపెను. విసుగు పుట్టించు పనియే యైనను, చూచిన దానిని చూచినట్లు గుర్తించు అలవాటు అతని కిచ్చటనే యేర్పడెను. 1866లో కోహోస్ అను చోట, ఏనుగును బోలిన మాస్టొడాన్ అను ప్రాచీనమృగపు ఎముకలు బయల్పడెను. ఆ పనిమీద వెళ్లిన గిల్బర్టు అక్కడి నదియొడ్డు చరియపై పెరిగిన చెట్ల వయస్సును లెక్కించి, ఆ చరియ యెంత మెల్లగా అరుగుచున్నదో అంచనా కట్టెను. రాతికి వయస్సు కట్టుటకు ఆయన చేసిన మొదటి ప్రయత్నమిది.

1869లో ఒహాయో రాష్ట్రపు సర్వేలో చేరి, 1871లో లెఫ్టినెంటు వీలరు నడపిన సైనిక సర్వేతో పశ్చిమపు టెడారులకు బయలుదేరెను. 1875 మొదలు, అంతకుముందే కొలరాడో నదిపై సాహసయాత్ర చేసి పేరొందిన ఒంటిచేతి మేజరు పావెల్ వద్ద పనిచేసెను. 1879లో ప్రభుత్వ భూగర్భ సర్వేశాఖ స్థాపింపబడినపుడు అందు ఉద్యోగి యయ్యెను.

ఆయన ముఖ్యకార్యము యూటా రాష్ట్రములోని ఎడారిపల్లమున జరిగినది. ఆ పల్లమునుండి ఏ నదియు సముద్రమును చేరదు. దాని నడుమ గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పుసరస్సు గలదు. చుట్టునున్న కొండల ప్రక్కలను, సరస్సుకంటె సుమారు 1,000 అడుగుల యెత్తున, మెట్లు చెక్కినట్లు సమమైన గీతలు మైళ్లకొలది సాగియున్నవి. ఇవి పూర్వమొక మహాసరస్సు యొక్క తీరరేఖలని గిల్బర్టు వివరముగా నిరూపించి, దానికి బాన్విల్ సరస్సు అని పేరిడెను. దాని వైశాల్యము దాదాపు 20,000 చదరపు మైళ్లు. నీరు ఉత్తరమున నున్న రెడ్‌రాక్ కనుమవద్ద పొర్లి, అక్కడి మెత్తని మన్నును కోసికొని వెడలిపోగా, మట్టము 350 అడుగులకు పైగా దిగి, గట్టి రాయి తగిలినచోట నిలిచెను. ప్రోవో అను రెండవ పెద్ద తీరరేఖ అట్లేర్పడినది.

తీరరేఖలు సరస్సు ఎంత యెత్తుకు వచ్చినదో చెప్పును గాని, ఎన్నిమారులు వచ్చినదో చెప్పవు. అందుకై ఆయన అడుగున పేరుకొన్న పొరలను వెదకెను. ఓల్డ్ రివర్ బెడ్ అనబడు ఎండిన నదీమార్గపు దరులలో ఆ పొరలు కోసి చూపినట్లు బయల్పడియున్నవి. అన్నిటికంటె క్రింద మందమైన పసుపుపచ్చని బంకమన్ను. దాని పైభాగము కోసికొనిపోయి మిట్టపల్లములుగా నున్నది. ఆ కోతపై గులకరాళ్లును ఇసుకయు గలవు. వానిపై నత్తగుల్లలతో కూడిన తెల్లని సున్నపుమన్ను పఱచుకొనియున్నది. సన్నని బంకమన్ను నిలుకడ నీటి యడుగుననే దిగును. గులకరాళ్లను వాగులు ఆరిన నేలపైకి దొర్లించుకొనివచ్చును. కాబట్టి మొదట లోతైన సరస్సు, పిమ్మట అది ఎండిన కాలము, మరల లోతైన సరస్సు. ఒక దరియందలి మూడు పొరలనుబట్టి ఆయన ఈ మూడు యుగములను వరుసగా చెప్పగలిగెను. ఇంతేకాక, కొండలోయల ముఖమున మంచునదులు విడిచిన రాళ్లగుట్టలు సరస్సు మన్నుతో కలిసియున్న తీరును చూచి, సరస్సు ఉప్పొంగిన కాలమును మంచునదులు వ్యాపించిన కాలమును సరిపోవునని నిశ్చయించెను.

ఇంకొక వింత ఆయనకు కనబడెను. నీటి అంచు అంతటను సమమట్టముగా నుండవలెను గదా! కాని పల్లపు నడుమనున్న పూర్వపు దీవులపై తీరరేఖ, అంచులయందలి రేఖకంటె 100 అడుగులకు పైగా ఎత్తున నున్నది. అంత నీటిబరువు క్రింద భూమి క్రుంగి, నీరు పోయిన తరువాత మెల్లగా పైకి లేచినదని ఆయన భావించెను. మరియు వాసాచ్ కొండల యడుగున కొన్ని చీలికలు ఆ తీరరేఖలనే ఖండించుచున్నవి. ఖండింపబడిన దానికంటె ఖండించినది క్రొత్తది. కావున అక్కడ భూకంపములు ఇటీవలివే, ఇకముందును రాగలవు. ఈ సంగతిని 1883లో సాల్ట్ లేక్ నగరపు వార్తాపత్రికలో వ్రాసి ప్రజలను హెచ్చరించెను. 2020లో ఆ నగర సమీపమున 5.7 ప్రమాణముగల భూకంపము సంభవించెను.

ఈ పరిశోధనలన్నియు 1890లో గొప్ప గ్రంథముగా వెలువడెను. ఆ గ్రంథము పూర్తియగులోపల ఆయన గృహమున దుఃఖము ప్రవేశించెను. చిన్న కుమార్తె కంఠసర్పి రోగముచే మరణించెను. భార్య దీర్ఘకాలము అస్వస్థురాలయ్యెను. ఆయన తన పనిని విడువలేదు.

1895లో కొలరాడో మైదానములందలి అతిప్రాచీనమైన పొరలపై ఆయన దృష్టి నిలిపెను. అచ్చట సున్నపురాయియు మెత్తని పలకరాయియు తాళము తప్పక మార్చి మార్చి వచ్చుట చూచి, భూమి గమనములో సుమారు 21,000 ఏండ్లకొకమారు తిరిగివచ్చు మార్పు దానికి కారణము కావచ్చునని యూహించి, ఆ పొరలు పేరుకొనుటకు సుమారు 2 కోట్ల సంవత్సరములు పట్టియుండునని లెక్కకట్టెను. రేడియోధార్మికత యింకను కనుగొనబడని దినములలో చేసిన యీ లెక్క సత్యమునకు మిక్కిలి దూరము కాదని తరువాతి కొలతలు చూపినవి.

అయితే ఆయన పొరబడిన సందర్భమును దాచుట న్యాయము కాదు. 1891లో అరిజోనా ఎడారిలోని పెద్ద గోతిని పరీక్షింపబోయెను. అది ఇనుపయుల్క పడుటచే నేర్పడినదా, భూగర్భపు ఆవిరి ప్రేలుటచేతనా యని ప్రశ్న. ఉల్క లోపల పూడియున్నచో అంచునందలి మన్ను గోతికి పట్టుదానికంటె హెచ్చుగా నుండవలెను, దిక్సూచి ముల్లును చలింపవలెను. రెండును కనబడలేదు. అందుచే ఆవిరియే కారణమని చెప్పెను. 1960లో అచ్చట మిక్కిలి యొత్తిడివలన మాత్రమే పుట్టు ఖనిజము దొరకి, ఉల్కయే కారణమని తేలినది. ఉల్కలో అధికభాగము ఆ దెబ్బకే ఛిన్నాభిన్నమై పోయినది. గిల్బర్టు తన కొలతలను, తర్కమును అన్నిటిని 1896లో బహిరంగముగా ప్రకటించి, కొత్త సాక్ష్యము వచ్చినచో తన తీర్పు మారవలసినదేయని ఒప్పుకొనియుండెను. తప్పు తీర్మానములోనున్నది గాని, నడతలో లేదు.

1900లో లండను భూగర్భశాస్త్ర సంఘమువారు ఆయనకు వోలస్టన్ పతకము నిచ్చిరి. అమెరికా భూగర్భశాస్త్ర సంఘమునకు రెండుమారులు అధ్యక్షుడయ్యెను. 1918 మే 1వ తేదీన, డెబ్బదియైదవ జన్మదినమునకు ఐదు దినములు ముందు, జాక్సన్ పట్టణమునందలి సోదరి యింట కన్నుమూసెను. బాల్యప్రాయుడైన ఉపాధ్యాయుడుగా ఓడి వెడలిన ఊరిలోనే, లోకమునకు బోధించిన గురువుగా మరణించెను.

గిల్బర్టు పొరల వరుసను చెప్పెను గాని, ఏండ్ల సంఖ్యను నిశ్చయముగా చెప్పలేకపోయెను. ఆయన తరువాత, కఱ్ఱలోను గుల్లలోను ఉండు ఒకవిధమగు కర్బనము కాలక్రమమున తఱుగు లెక్కనుబట్టి, బాన్విల్ సరస్సు సుమారు 18,000 ఏండ్ల క్రిందట అత్యున్నత మట్టమునకు వచ్చెనని తెలిసినది. అంతకు పూర్వమును ఆ పల్లము ఒకటికంటె నెక్కువమారులు నిండియుండెననియు కనుగొనిరి. ఆయన పెట్టిన వరుస చెడలేదు. దానికి సంఖ్యలు చేరినవి.

ఇట్టి సంఖ్యలు వినినపుడు మనలో కొందఱు తలిదండ్రులు, పిల్లల విశ్వాసమునకు హాని కలుగునేమోయని భయపడుట నేనెఱుగుదును. లోకమును సృజించినవాడెవ్వడో ఆదికాండము మనకు నేర్పుచున్నది. మన్ను ఏ వరుసలో పడినదో మన్నే చూపుచున్నది. రెండును ఒక్క కర్తవైనపుడు ఒకదానికొకటి విరోధము కాజాలవని నా నమ్మకము. అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞ మనుష్యుల విషయములోనే కాక, రాతి విషయములోను వర్తించును. రాయి చెప్పినదానికంటె ఎక్కువ చెప్పకుండుట, తక్కువయు చెప్పకుండుట, పొరబాటు తేలినచో సమ్మతించుట: ఇవి గిల్బర్టు మనకు విడిచిన ఆస్తి. విద్యార్థులారా, వచ్చు వేసవిలో చెరువు ఎండినపుడు ఒక నెఱియ చెంత కూర్చుండి, అందలి పొరలను క్రిందినుండి పైకి లెక్కింపుడు.